ఉదయము పుల్లన, మధ్యాహ్నము చప్పన

మా యింటి తూర్పు కిటికీ గట్టుమీద, వెడల్పాటి మట్టి మూకుటిలో, నాలుగైదు ముండ్లమొక్కల నడుమ ఒక రణపాల కలదు. తెల్లవారకముందే దాని యాకును గోరంత త్రుంచి నమలినచో చింతచిగురును మించిన పులుపు నాలుకకు తగులును. ఆ మొక్క యాకునే మిట్టమధ్యాహ్నము రుచి చూచినచో పులుపు జాడయైనను లేక చప్పగా నుండును. పొద్దు వాలునప్పటికి కించిత్తు చేదు కూడ తోచును. (రుచి చూచి ఉమిసివేయవలెను గాని మ్రింగరాదు.) ఇది నేను కనిపెట్టిన వింత కాదు. విలియం రాక్స్‌బర్గు అనంతరము మన సామర్లకోటలోని కుంఫిణీ తోటను చూచుకొనిన బెంజమిన్ హైన్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ యాకునే నమిలి, ఈ మూడు రుచులను ఈ వరుసనే గుర్తించి వ్రాసిన లేఖ లండనులోని లిన్నేయన్ సంఘమువారి పత్రికలో 1815లో అచ్చుపడెను. ఇంటిలో ఎడారిమొక్కలను పెంచదలచినవారు పుస్తకములను తిరుగవేయుటకు ముందు హైనుగారి పరీక్షను ఒక్కమారు చేసి చూతురేని, తక్కిన పాఠములో సగము దానంతట అదే బోధపడును.

మామిడి మొదలుకొని మన చేలలోని మొలగొలుకుల వరి వరకు సాధారణముగా మొక్కలన్నియు పగటివేళ ఆకులందలి సూక్ష్మరంధ్రములను తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి గొనును. అయితే వాయువు వచ్చు దారిననే లోని నీరు ఆవిరియై బయటికి పోవుచుండును. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును ఆర్జించుటకు ఇట్టి మొక్క 400 నుండి 500 గ్రాముల నీటిని వ్యయపఱచును. చెరువు నిండియున్న యూరిలో ఈ దుబారా చెల్లును గాని మరుభూమిలో చెల్లదు. కావున జెముడు, రణపాల మున్నగునవి పగలెల్ల తలుపులు బిగించుకొని, చల్లబడిన రాత్రివేళ రంధ్రములను తెరచి, గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లముగా మార్చి, కణములలోని రసకోశములలో దాచియుంచి, తెల్లవారిన పిమ్మట ఆ యామ్లమును విడగొట్టి, వెలువడిన వాయువును లోలోపలనే సూర్యరశ్మితో పిండిపదార్థముగా వండుకొనును. అందువలన వాటికి గ్రామునకు 50 నుండి 100 గ్రాముల నీరే చాలును. ఉదయపు పులుపు రాత్రి కూడబెట్టిన మూలధనము. మధ్యాహ్నపు చప్పదనము దాని ఖర్చు. రణపాల చేరిన క్రాసులేసీ కుటుంబము పేరనే ఈ వ్యవహారమునకు క్రాసులేషియన్ ఆమ్లక్రియ యని శాస్త్రనామము కలిగినది. మనము తినెడి అనాస కూడ ఈ తెగలోనిదే.

రాత్రి చల్లగా నుండవలెను: మన తీరవాసులకు చిక్కంతయు ఇక్కడనే యున్నది. మెక్సికో పీఠభూమిపై పగలు మండినను రాత్రి చలి వేయును. నెల్లూరులో వైశాఖ జ్యేష్ఠములలో సముద్రపుగాలి తేమతో బరువెక్కి, అర్ధరాత్రి సైతము గోడలు వెచ్చగానే యుండును. పచ్చరాతిపూవువలె ముద్దుగా కన్పట్టు ఎచెవేరియాను అంగడిలో చూచి మోజుపడని వారుండరు. నేనును మూడుసార్లు మోజుపడి మూడుసార్లును దానిని కుళ్ళబెట్టుకొంటిని. ఆకులు గాజువలె పారదర్శకములై, ముట్టిన రాలిపోవుట దాని తుదిఘడియలకు గుర్తు. రాళ్ళవలె నుండు లిథాప్సును కూడ మన తేమ సాగనీయదు. వేడికిని ఉక్కకును ఓర్చునవి వేరే కలవు: అరేబియా, తూర్పు ఆఫ్రికాల అడీనియము, మడగాస్కరునుండి వచ్చిన ముండ్ల యుఫోర్బియా మిలి, ఏనుగుమేత యని పేరుపడిన పోర్చులకేరియా, నీడనైనను సహించు హవోర్థియా, మన చాగనారకు దాయాది యైన సాన్సెవీరియా. ఎఱ్ఱని బంతివంటి తలతో నర్సరీలలో అమ్ముడుపోవు చంద్రకాక్టసు విషయమున ఒక హెచ్చరిక యావశ్యకము: ఆ బంతికి పత్రహరితము లేదు, క్రింద అంటుకట్టిన పచ్చని కాడ వండిపెట్టగా తిని బ్రతుకు పరాన్నజీవి యది. కొన్నేండ్లకంటె దాని యాయువు సాగదు. అది చచ్చినచో మీ చేతిని నిందించుకొనకుడు.

తెలుగువాడు ముండ్లును బొద్దుకాడయు నున్న ప్రతిదానిని జెముడే యనును. నాగజెముడు కాక్టసు, అమెరికా ఖండమునుండి వచ్చినది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు యుఫోర్బియాలు, వేరొక వంశమువి. ఎండమావుల దేశములలో ఒకే కష్టమును పడిన రెండు వంశములు ఒకే రూపును దాల్చినవి, అంతే. భేదము తెలియుటకు సూదితో గ్రుచ్చి చూడుడు: తెల్లనిపాలు కారినచో చాలవరకు యుఫోర్బియా, నీరువంటి రసము వచ్చినచో కాక్టసు. కాక్టసు ముండ్లు దూదివంటి చిన్న మెత్తలనుండి గుత్తులుగా మొలచుటయు మఱొక గుర్తు. నాలుకతో పరీక్షింపుమని చెప్పిన నేనే ఈ పాల విషయమున మాత్రము వలదందును. కంటబడినచో చూపునకే ముప్పు.

నాగజెముడు కథ యొకింత చెప్పక తప్పదు. ఎఱ్ఱరంగు నిచ్చు కొచినీలు పురుగును పెంచి స్పెయినువారి వ్యాపారమును దెబ్బతీయవలెనన్న యాశతో, పదునెనిమిదవ శతాబ్దపు చివర మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను కుంఫిణీ వైద్యుడు సైదాపేటయందు ఈ జాతి మొక్కలకు ప్రత్యేకముగా తోట వేయించెను. రంగు వ్యాపారము ఫలింపలేదు గాని ముండ్లు మాత్రము దక్షిణదేశమున చేలగట్లను, బంజరులను ఆక్రమించుకొనెను. కడకు 1926లో సింహళమునుండి ఆ పురుగు జాతిలోని మఱొకదానిని తెచ్చి విడువగా, కొన్నేండ్లలోనే డొంకలకు డొంకలే ఎండిపోయెను. మీ కుండలోని నాగజెముడు రెక్కపై తెల్లని దూదిపింజ కనబడి, దానిని నలిపినప్పుడు వ్రేలికి కుంకుమవలె ఎఱుపంటినచో, మద్రాసు రాజధాని ముండ్లడొంకలను హరించిన ఆ వంశమే మీ కిటికీకి వచ్చినదని యెఱుగుడు. పాత పండ్లకుంచెను సబ్బునీట ముంచి తుడిచివేసిన చాలును.

ఇక మన్ను. మైపాడు సముద్రపు రేవునకు పోయినప్పుడు తెల్లగా మెఱయు ఇసుకను చూచి, కాక్టసులకు ఇంతకంటె తగినది లేదని సంచెడు మోసికొని వచ్చి పోసితిని. నెల తిరుగకముందే మొక్కలు తడిమట్టిలో నిలిచి దప్పికతో ముడుచుకొనిపోయినవి. ఉప్పు నిండిన తేమనుండి వేరు నీటిని పీల్చలేదు. ఉప్పెక్కువైనచో వేరులోని నీరే బయటికి వచ్చును. అట్లయ్యును ఆ తీరముననే, పులికాటు సరస్సు అంచుల బురదనేలలలో ఇలకూర వంటి మొక్కలు బొద్దుగా పెరుగుచున్నవి గదా! అవియు రసభరితములే. అవి ఉప్పును రానిచ్చి, కణములలోని రసకోశములలో బంధించి, దానిని పలుచన చేయుటకై నీటిని నింపికొని ఆకును లావు చేసికొనును. నమిలి చూచినచో ఉప్పగా తగులును. చుట్టును నీరున్నను దప్పిక తప్పని చోట పుట్టిన బొద్దుతన మది. కాక్టసుకు ఆ విద్య రాదు.

కావున ఇసుక పెన్నానదిదే కావలెను, అదియు ముతకగా జల్లెడ పట్టినది. రెండుపాళ్ళు ఇసుక, ఒకపాలు నలుగగొట్టిన ఇటుక లేక పెంకుముక్కలు, ఒకపాలు మాగిన ఎరువు, గుప్పెడు బొగ్గుపొడి కలుపుచున్నాను. పాత్ర యడుగున గులకరాళ్ళు పఱచినచో నీరు తేలికగా దిగునని పలువురు వ్రాయుదురు, అది పొరపాటు. సన్నని మన్ను పూర్తిగా నానినగాని తన నీటిని క్రిందనున్న పెద్ద రాళ్ళలోనికి విడువదు. అందుచేత రాళ్ళు వేసినకొలది ఆ తడిపొర వేళ్ళకు చేరువగా పైకి జరుగును. అడుగున చిల్లి, దానిపై బోర్లించిన ఒక్క పెంకు, పైవఱకు ఒకే మిశ్రమము: ఇదియే సరియైనది. చిల్లిలేని గాజుగిన్నెలలో రంగురాళ్ళతో అమర్చిన తోటలు బహుమతులకు పనికివచ్చును గాని మొక్కలకు కాదు. కుమ్మరివద్ద క్రొత్త మట్టిమూకుడు కొని, నీటిలో నానబెట్టి, మేకుతో మెల్లగా తొలిచినచో పగులకుండ చిల్లి పడును. చేపల పులుసుకు వాడిన పాతచట్టి వలదు. నూనె పట్టి దాని రంధ్రములు మూసికొనిపోయి యుండును, గోడగుండ తేమ పోవు మట్టిపాత్ర గుణమంతయు అందుతో నశించును.

దక్షిణపు కిటికీయే శ్రేష్ఠమని పాశ్చాత్యులు వ్రాసిన మాటను మనము యథాతథముగా గ్రహింపరాదు. నెల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 14 డిగ్రీలపై నున్నది. ఏప్రిలు చివరనుండి ఆగస్టు నడుమ వఱకు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముగా సాగును గనుక ఆ దినములలో దక్షిణపు కిటికీలో ఎండయే పడదు. తూర్పు కిటికీ యేడాదిపొడవున ఉదయపుటెండ నిచ్చును. గదిలోనికి రెండు బారలు జరిపితిమా, మన కంటికి వెలుతురుగా తోచినను మొక్కకు అది చీకటియే. గుండ్రని కాక్టసు తల సన్నబడి, లేతబడి, కిటికీవైపు మెడ చాచుట దాని మొఱ.

నీటి విషయమున నేను తేదీలను నమ్మను, కొబ్బరి యీనెను నమ్ముదును. ఈనెను మూకుటి యడుగు తగులునట్లు గ్రుచ్చి, కొంతసేపుంచి తీసినప్పుడు మన్నంటక పొడిగా వచ్చిననే, చిల్లినుండి కారువఱకు నిండుగా పోసి, మరల ఈనె పొడిగా వచ్చువఱకు చేయి ముడుచుకొని యుండవలెను. మన జిల్లాలో ఏటివానలో సగమునకు మించి ఆశ్వయుజమునుండి మార్గశిరము లోపల, ఈశాన్యపు ఋతుపవనములతోను వాయుగుండములతోను కురియును. క్రిందటి కార్తికమున మూడువారములు నేను చెంబు ముట్టలేదు, ఈనె ప్రతిదినము తడిగానే వచ్చినది. కిటికీ తెరచి గాలి యాడనిచ్చితిని, అంతే. ముసురు వెలిసి చలి మొదలైన పిమ్మట ఒక వేకువను రణపాల యాకు నమిలితిని, పండ్లు పులిసిపోయినవి. రోహిణీకార్తెలో, రాత్రి చల్లబడని దినములలో, ఆ మొక్క యాకునకే పులుపు అంతంతమాత్రముగా నుండును.