సంఘం లెక్కలు పదిచోట్ల దాచుట

పాలకేంద్రంలో పూటపూటా నమోదయ్యే లీటర్లు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలు నేడు చాలా సంఘాలలో కంప్యూటరులోనే ఉంటున్నవి. దాని డిస్కు చెడిపోతే పాల బిల్లుకు, సంవత్సరాంతపు బోనసుకు ఆధారమేది? పాసుపుస్తకం ఉన్న సభ్యుడు చూపగలడు. లేనివాని గతి ఏమి?

నకలు తీసిన పెన్‌డ్రైవును అదే గదిలోని బీరువాలో పెడితే చాలదు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచినటువంటి వర్షాలు వస్తే రెండూ కలిసే తడుస్తాయి. మాదాపూర్‌లోని కంట్రోల్‌ఎస్ వంటి డేటా సెంటర్లలో చోటు అద్దెకు తీసుకొనవచ్చును. అయితే పెద్ద సంస్థలు కూడ ఒక్క భవనాన్నే నమ్ముకోవడం లేదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన సేవను మూడు విడివిడి స్థలాలలో ప్రారంభించినది. ఒకచోట కరెంటు పోయినా తక్కినవి నడవాలని వారి ఏర్పాటు.

ఇదే పనిని పెద్ద భవనాలు లేకుండా చేసుకొనే పద్ధతి ఒకటున్నది. దీనిని పీర్ టు పీర్ అంటారు. పది సంఘాలు తమ డిస్కులలో కొంత చోటు ఒకరికొకరు ఇచ్చుకొంటాయి. మన ఫైలును మొదట రహస్యలిపిలోనికి మార్చి, తరువాత పది తునకలు చేసి, సంఘానికొకటి పంపుతారు. ఒక్కొక్క తునక అసలు ఫైలులో మూడవ వంతు ఉంటుంది. ఏ మూడు దొరికినా ఫైలు మొత్తం తిరిగి వస్తుంది! ఇది గారడీ కాదు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు ప్రకటించిన గణితం, గీతలుపడిన సి.డి. పాట పాడేది కూడ దీనివల్లనే. తాహో-లాఫ్స్ అనే ఉచిత సాఫ్టువేరులో మామూలు అమరిక ఇదే. మూడు పూర్తి నకళ్లకు మూడింతల చోటు పట్టును, రెండు పోయేవరకే రక్షణ. ఇక్కడ మూడింతలకు కొంచెం పైగా చోటుతో ఏడు తునకలు పోయినా భయం లేదు. పొరుగు సంఘంవారు మన లెక్కలు చదవాలన్నా చదవలేరు.

చిక్కులు లేకపోలేదు. స్విచ్ ఆపివేసిన కంప్యూటరు ఆ సమయానికి లేనట్లే. పదీ ఒకే ఊళ్ళో ఉంటే వరద వచ్చిననాడు ఫలితం సున్న. ఫైలు తెరిచే రహస్య అక్షరాల వరుస పోతే తునకలన్నీ ఉన్నా వ్యర్థమే. దానిని కాగితంపై వ్రాసి, సీలువేసి, అధ్యక్షునివద్ద ఒకటి, కార్యదర్శివద్ద ఒకటి ఉంచవలెను. ఇటువంటి సేవ నడిపినవారిలో స్విట్జర్లాండు సంస్థ వువాలా 2015లో మూతపడినది. కాబట్టి ఏకైక నకలును ఏ కంపెనీకీ అప్పగించరాదు.

మొదట ఒక పక్షం పాల లెక్కను మాత్రం ఇలా దాచి, వేరొక కంప్యూటరులోనికి తిరిగి తెప్పించి, పది పాసుపుస్తకాలతో సరిచూడగలరు.