ఫొటోను చేటలో చెరిగిన లెక్క

12 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఒక్క ఫొటో తీస్తే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో రాసుకోవడానికి మూడు బైట్లు. మొత్తం 36 ఎంబీ. ఈ లెక్కన 64 జీబీ ఫోనులో ఇంకేమీ లేకపోయినా 1,800 ఫొటోలు పట్టవు. కానీ గ్యాలరీలో ఆ ఫొటో వివరాలు తెరిచి చూడండి. మూడు నాలుగు ఎంబీలకు మించి సాధారణంగా ఉండదు. మిగతా ముప్ఫైకి పైగా ఎంబీలు ఏమయ్యాయి?

ఆ ప్రశ్నకు జవాబు 1974 జనవరిలో అచ్చయిన ఒక చిన్న వ్యాసంలో ఉంది. రాసినవారు ముగ్గురు. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన నాసిర్ అహ్మద్. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న టి. నటరాజన్. మూడో ఆయన కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి 1952లో పట్టా పుచ్చుకుని, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. రోజుకు పది ఫొటోలు పంపుకునే మనలో ఈ పేరు తెలిసినవారు ఎంతమంది? ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

అహ్మద్ అప్పట్లో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. బొమ్మల సమాచారాన్ని కుదించే తన ఆలోచన మీద పనిచేయడానికి డబ్బివ్వమని 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నారు; నిధులు రాలేదు. ఆయన మానలేదు. 1973 వేసవిలో చేతికి జీతం రాకున్నా ఆ పని మీదే కూర్చున్నారు. అలా పుట్టింది డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. ఫొటోలను కుదించే ప్రమాణం కోసం 1986లో ఏర్పడిన జేపెగ్ నిపుణుల బృందం ఎన్నో పద్ధతులను పోల్చి చూసి చివరికి దీన్నే ఎంచుకుంది. 1992లో ఆ బృందం రూపొందించిన పద్ధతి అంతర్జాతీయ ప్రమాణమైంది.

డీసీటీ చేసే పని ఇదీ. ఫొటోను ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది చుక్కల చొప్పున చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. గడికి 64 చుక్కలు. ఆ గడి సున్నం వేసిన గోడ మీద పడిందనుకోండి. 64 చుక్కలూ దాదాపు ఒకే తెలుపు. దాన్ని 64 సార్లు రాయడమెందుకు? సగటు తెలుపు ఎంతో ఒక్క అంకెలో చెబితే చాలు. డీసీటీ సరిగ్గా అలాగే తిరగరాస్తుంది. మొదటి అంకె గడి మొత్తానికి సగటు. ఆ తర్వాతివి వెలుగునీడలు నెమ్మదిగా ఎంత మారుతున్నాయో చెబుతాయి. చివరివి చుక్క చుక్కకీ వచ్చే సన్నటి తేడాలు. గోడ మీద పడ్డ గడిలో ఆ చివరి అంకెలు సున్నాకు దగ్గరగా ఉంటాయి. పట్టుచీర జరీ అంచు మీద పడ్డ గడిలో మాత్రం అవీ పెద్దవే. అందుకే ఒకే ఫోనుతో తీసినా, ఖాళీ ఆకాశం ఫొటో చిన్నదిగా, పెళ్లిపందిరి ఫొటో పెద్దదిగా ఉంటాయి.

డీసీటీ తనంతట తానుగా ఏదీ పారేయదు. చేటలో చెరిగినట్టు గింజను ఒకవైపు, పొల్లును ఒకవైపు చేర్చి పెడుతుంది. పారేసేది ఆ తర్వాతి మెట్టు. సన్నటి తేడాలను మన కన్ను అంతగా పట్టుకోలేదు కాబట్టి ఆ అంకెలను పెద్ద సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సర్దుతారు. చాలావరకు సున్నాలైపోతాయి. సున్నాల వరసను పొట్టిగా రాసుకోవచ్చు. వెలుగు తేడాలు తెలిసినంతగా కంటికి రంగు తేడాలు తెలియవు. అందుకని రంగు వివరాలను ఇంకా పలచన చేస్తారు. మనం చూసే వీడియోల్లో, వీడియో కాల్‌లో మనవడి మొహం కదలడంలో కూడా ఈ లెక్కో, దీని వారసులో పనిచేస్తున్నాయి.

ఫొటోలో కొంత పారేసినా ఫరవాలేదు కానీ, ఫోనులోని యాప్‌లకు ఈ వెసులుబాటు లేదు. యాప్ అంటే ఆదేశాల మూట. అందులో ఒక్క బిట్టు తారుమారైనా మొత్తం పనిచేయకుండా పోవచ్చు. కాబట్టి ఏదీ పోకుండా మడతపెట్టడం ఒక్కటే దారి. పైగా ఒకసారి చూసిన బొమ్మలు మళ్లీ త్వరగా కనిపించాలని యాప్ వాటి నకళ్లను దాచుకుని ఇంకా చోటు తీసుకుంటుంది. ఆ దాపును క్యాష్ అంటారు. దాన్ని తుడిచేస్తే గ్యాలరీలో మీరు దాచుకున్న ఫొటోలు పోవు.

ఫొటో వివరాలు పోయేది వేరే చోట. మెసేజీ యాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే చాలాసార్లు యాప్ దాన్ని ఇంకా చిన్నది చేసి, మళ్లీ చెరిగి పంపుతుంది. ఒకసారి సున్నా అయిన అంకె తిరిగి రాదు. చేతులు మారి మారి వచ్చిన పాత ఫొటోను పెద్దది చేసి చూస్తే చెంపల మీద గళ్లు గళ్లుగా కనిపించేవి ఆ ఎనిమిదేసి చుక్కల గళ్లే. అమ్మమ్మ పెళ్లినాటి ఫొటోను స్కాన్ చేయించారా? అది మళ్లీ చెరగబడకుండా బంధువులకు దాన్ని డాక్యుమెంటుగా పంపండి. అసలు ఫైలును ఫోనులో కాక మరో చోట కూడా భద్రపరచండి.