వార్తలో రెండో పేరు

2017 మే 21న కృష్ణగిరి మండలంలో చెరుకులపాడు నారాయణరెడ్డిని దారికాచి చంపారు. అప్పటికి ఆయన పత్తికొండ నియోజకవర్గానికి వైఎస్సార్ కాంగ్రెస్ ఇన్‌చార్జి. ఆయనతో పాటు ఒక అనుచరుడూ చనిపోయాడు. రెండేళ్ల తరువాత నారాయణరెడ్డి భార్య కంగాటి శ్రీదేవి అదే పత్తికొండ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ నిలదొక్కుకోవడాన్ని తప్పుపట్టనక్కర లేదు. నా ప్రశ్న ఆ ఒక్క ఘటన గురించి కాదు. ఇటువంటి ప్రతి వార్తలోనూ రెండో పేరుగా, ఒక్కోసారి పేరు కూడా లేకుండా ‘మరొకరు’గా మిగిలిపోయేవారి గురించి. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలుంటారు.

మన సినిమా ఫ్యాక్షన్ బాల్యాన్ని చాలాసార్లే చూపింది. ‘అంతఃపురం’లో వారసుడి కోసం తాత మనవణ్ణి తన గుప్పిట్లో ఉంచుకోజూస్తాడు. ‘ఆది’లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడు పెద్దవాడై సొంతగడ్డకు తిరిగొస్తాడు. ఆ పిల్లలందరూ వారసులే. వాళ్ల దుఃఖానికి ప్రతీకారమనే పేరుంది, తండ్రి కుర్చీ అనే గమ్యముంది. సుమోల్లోంచి దూకి అరక్షణంలో నేలకూలే మనుషుల కొడుకులు మాత్రం ఏ సన్నివేశంలోనూ కనిపించరు.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాక పాలెగాళ్లను అణచిన కలెక్టరు థామస్ మన్రో. ఆయనే మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827 జులై 6న ఇదే పత్తికొండలో కలరాతో మరణించాడు. పాలెగాళ్లకు కొలువు చేసిన కట్టుబడి బంట్లలో బోయలు ముఖ్యులు. పాలెగాళ్లకు పింఛన్లు దక్కాయి. బంట్లకు మిగిలిన చిన్నపాటి ఇనాములు కూడా తరువాత సర్కారు కన్నుపడి పోసాగాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచిన వాళ్లలో ఆ నష్టపోయినవారున్నారు. ఆ పోరులో వడ్డె ఓబన్న పేరు బయటి లోకానికి తెలియడానికి నూటయాభై ఏళ్లు దాటింది. సీమలో రెండో పేరు వెలుగులోకి రావడానికి పట్టే కాలమది!

నేటి వర్గాల నాయకత్వం ప్రధానంగా రెడ్లది, కొన్నిచోట్ల కమ్మలది. బోయ నాయకులు లేరని కాదు. కానీ చచ్చేవాళ్లలో, చంపేవాళ్లలో, వాయిదాలకు తిరిగేవాళ్లలో బోయలు, కురువలు, మాల మాదిగలు, చేను ఎండిన పేద రెడ్లు ఉంటారు. ఇరువైపులా వీళ్లే. ఊళ్లో హత్య జరిగిన మర్నాటి నుంచి నాయకుడి బిడ్డ కర్నూలులోనో హైదరాబాదులోనో హాస్టల్లో చదువుకుంటాడు. అనుచరుడి బిడ్డకు ఊరే బడి. ఏ వీధి దాటకూడదో, ఏ కొళాయి దగ్గర బిందె పెట్టకూడదో, నిన్నటిదాకా గోలీలాడిన నేస్తంతో ఈరోజు ఎందుకు మాట్లాడకూడదో వాడికి అక్షరాలకంటే ముందు తెలుస్తుంది. నాన్న ఇంట్లో లేకపోతే మూడే కారణాలు: పరారీ, జైలు, సమాధి. మగదిక్కు లేని ఇల్లు శీతాకాలం చివర గుంటూరు మిరప చేలకు సుగ్గికి బయలుదేరుతుంది. బడి హాజరుపట్టీలో ఆ పేరు ఎదుట సున్నాలు మొదలవుతాయి.

దేవనకొండ మండలం కప్పట్రాళ్ల కక్షల్లో 2008 మేలో వెంకటప్పనాయుడు సహా 11 మంది హతులయ్యారు. 2014 డిసెంబరులో ఆదోని కోర్టు 21 మందికి జీవిత ఖైదు విధించింది. ఆ తరువాత నాటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని బడి మీద, రోడ్ల మీద దృష్టిపెట్టారు. మంచి పనే. అయితే ఒక అధికారి మనసుపడితే తప్ప ఆ పిల్లలు ఎవరి లెక్కలోకీ రాకపోవడమే అసలు సమస్య.

చట్టం ఏం చెబుతోంది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం హతుని పిల్లల చదువు ఖర్చు డిగ్రీ దాకా ప్రభుత్వమే భరించాలి. కానీ చంపినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతేనే ఆ చట్టం వర్తిస్తుంది. మాదిగ చేత మాదిగను చంపించే ఫ్యాక్షన్‌లో కత్తి పట్టిన చెయ్యే కనిపిస్తుంది, పట్టించిన కులం కనిపించదు. బోయ బిడ్డకైతే ఆ తలుపే లేదు. మైదాన ప్రాంతపు బోయలు బీసీ-ఏ. వారిని ఎస్టీల్లో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2017లో ఒకసారి, 2023లో మరోసారి తీర్మానించింది. ఆ కోరికపై గిరిజనుల అభ్యంతరాలను తేలికగా కొట్టిపారేయలేం. కానీ రెండు తీర్మానాల మధ్య కత్తికి బలైన ఇంటి బిడ్డ ఎదురుచూడలేడు కదా.

అందరికీ వర్తించే బాధితుల పరిహార పథకం ఒకటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. కేసు మొత్తం నాయకుడి వకీలు చేతిలో, రాజీ నాయకుడి మాటలో ఉన్న ఇంట్లో ఆ దరఖాస్తు రాసేదెవరు? హత్య కేసు నమోదైన వారంలోగా హతుని పిల్లల పేర్లూ, నిందితుని పిల్లల పేర్లూ పోలీసు స్టేషను నుంచి మండల విద్యాధికారికి చేరాలి. కులం, వర్గం చూడకుండా గురుకులంలో వాళ్లకు సీటివ్వాలి. నిందితుని పిల్లలకు ఎందుకని అడిగేవారు ఉంటారు. తండ్రి ఎవరి మనిషో ఆ పిల్లలు ఎంచుకోలేదు. చాలాసార్లు ఆ తండ్రీ ఎంచుకోలేదు.