ఇంట్లోనే పాట రికార్డు చేద్దామా?



"ఎదురుగా పాడితే ఎంతో బాగుంది సార్, ఫోన్‌లో వింటే బావిలోంచి పాడినట్టుంది" అని మీలో చాలామంది అంటుంటారు. ఆ లోపం పిల్లల గొంతుది కాదు, గదిది.

ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా మన ఇళ్ళలో నేలకు కడప బండలో, టైల్సో ఉంటాయి. నున్నటి నేల, ఖాళీ గోడలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. అందుకే హాలు వదిలి, పరుపులున్న పడకగదికి రండి. నేలపై జంపఖానా పరచండి. పాడేవారి వెనుక గోడకు మందపాటి బొంత వేలాడదీయండి. తేడా మీకే తెలుస్తుంది.

రికార్డింగ్‌కు ఫ్యాన్ ఆపాలి. మన ఎండల్లో మధ్యాహ్నం అది అయ్యే పని కాదు. వీధిలో ఆటోలు మొదలుకాని ఉదయం వేళే మేలు. లేవగానే వద్దు, గోరువెచ్చని నీళ్ళు తాగించి, పది నిమిషాలు సరిగమలు పాడించాక మొదలుపెట్టండి.

ఇక పద్ధతి:

1. సినిమా పాటల ట్రాకులు పెద్దల గొంతుకు తగ్గట్టు ఉంటాయి. పిల్లలు పైస్థాయిలో అరుస్తున్నా, కింది స్వరాలు వినపడకపోయినా ట్రాక్ శ్రుతిని ఒకటి రెండు మెట్లు మార్చండి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఇది చేయవచ్చు.

2. ట్రాక్‌ను స్పీకర్‌లో పెట్టకండి, అది కూడా మైకులోకి వస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో వినిపించండి. వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వచ్చి తాళం తప్పుతుంది.

3. రికార్డు చేసే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. నేరుగా పెడితే ప, బ, ఫ అక్షరాల గాలి మైకును కొడుతుంది.

4. ట్రాక్ ఒక ఫోన్‌లో, రికార్డింగ్ ఇంకో ఫోన్‌లో అయితే, ట్రాక్ మొదటి దరువుకు ఒక చప్పట్టు కొట్టించండి. తర్వాత రెండింటినీ కలిపేటప్పుడు అదే గుర్తు.

5. గిటార్ ఉంటే ముందు దాన్ని, తర్వాత గొంతును విడిగా రికార్డు చేయండి. మైకును గిటార్ రంధ్రం వైపు కాక, మెడ, పెట్టె కలిసేచోటుకు తిప్పండి.

ఇంట్లోవాళ్ళు వినడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. మన తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) సాహిత్యం అందరిదీ. కానీ ఆ కీర్తనలకు ఈ కాలంలో కట్టిన బాణీలకు, ఒకరు చేసిన రికార్డింగుకు హక్కులు విడిగా ఉంటాయి. మన చట్టంలో సాహిత్యానికి, బాణీకి హక్కు సాధారణంగా రచయిత మరణించాక 60 ఏళ్ళ వరకు ఉంటుంది. కాబట్టి ట్రాక్ ఎవరిదో చూసి, అనుమతి తెలుసుకున్నాకే పెట్టండి. పిల్లల బడి పేరు, ఇంటి చిరునామా వీడియోలో కనపడనివ్వకండి.

చివరిగా ఒక మాట. ఒకసారి నేను ఒక పాపతో పదకొండు సార్లు పాడించాను. పదకొండోసారి తప్పు లేదు, కానీ ఆ గొంతులో సంతోషమూ లేదు. చిన్న తప్పున్న రెండోసారి పాటనే చివరికి ఉంచాము. మూడుసార్లు చాలు. ఆటోట్యూన్‌తో గొంతును సరిదిద్దితే "నా గొంతు చాలదు కాబోలు" అనుకునేది పిల్లలే.

ఫైలుకు తేదీ పేరు పెట్టి దాచండి. వచ్చే ఏడాది ఇదే నెలలో అదే పాట మళ్ళీ పాడించి, రెండూ పక్కపక్కన వినిపించండి. తాను ఎంత ఎదిగిందీ పిల్లలకు మార్కుల కాగితం కన్నా స్పష్టంగా అదే చెబుతుంది.