నమోదు కాని ఫిర్యాదు

1989లో దూరదర్శన్‌లో ‘ఉడాన్’ మొదలైనప్పుడు జనం ముందు గుర్తుపట్టింది ఆ ముఖాన్నే. సర్ఫ్ ప్రకటనలో లెక్క చెప్పి నోరు మూయించే లలితాజీ, ఇక్కడ ఖాకీ తొడుక్కుని కల్యాణి సింగ్ అయింది. ఆమె పేరు కవితా చౌదరి. సీరియల్ రాసిందీ, తీసిందీ కూడా ఆమే.

హిందీ సీరియల్‌ని చిత్తూరు జిల్లాలో ఎవరు చూస్తారనుకోవద్దు. నగరి, సత్యవేడు వైపు యాంటెన్నాలు మద్రాసుకేసి తిరిగి ఉండేవి గానీ, రాత్రి జాతీయ కార్యక్రమం వేళకు మద్రాసైనా హైదరాబాదైనా ఢిల్లీ నుంచి వచ్చేదే చూపేవి. తిరుపతికి హిందీ కొత్తేమీ కాదు. ఉత్తరాది యాత్రికులతో బేరాలాడే అంగళ్లవాళ్లకు పనికి సరిపడా వచ్చు. హిందీ ప్రచార సభవారి ప్రాథమిక, మధ్యమ రాసిన ఆడపిల్లలు వీధికొకరైనా ఉండేవారు. 1983లో పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయానికి అప్పటికి ఆరేళ్లు. పైగా ఆస్తి తగాదాలో నలిగిపోయే కుటుంబం కథ సీమవాళ్లకు ఒకరు విప్పి చెప్పాలా?

ఆ కథ కవిత సొంతింటిదే. ఆస్తి గొడవలో వాళ్ల నాన్న మీద దాడి జరిగింది. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాయలేదు. పెద్ద కూతురు కాంచన్ చౌదరి భట్టాచార్య పోలీసు కావాలని పట్టుబట్టడానికి మూలం అదే. కిరణ్ బేదీ తర్వాతి ఏడాదే, 1973లో, ఆమె ఐపీఎస్‌కు ఎంపికైంది. 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయింది. దేశంలో ఒక రాష్ట్ర పోలీసుకు ఆడమనిషి అధిపతి కావడం అదే మొదలు.

అందుకే ‘ఉడాన్’లో నేరం కన్నా నేరం జరిగాక ఏం జరగదన్నదే ముఖ్యం. కల్యాణి ఎవర్నీ ఎగిరి తన్నదు. చదువుతుంది, శిక్షణలో చెమటోడుస్తుంది, కొత్త పోస్టింగులో కిందివాళ్ల అనుమానపు చూపులు భరిస్తుంది. నిదానమైన సీరియలే, కొన్నిచోట్ల మరీ నిదానం. కానీ పోలీసుద్యోగం అంటే కుర్చీ, కాగితం, సంతకం అని మన టీవీలో అంత ఓపిగ్గా చూపినవాళ్లు తక్కువ.

ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో ‘ప్రైమ్ సస్పెక్ట్’ వచ్చింది, 1991లో. హెలెన్ మిరెన్ వేసిన జేన్ టెన్నిసన్‌కూ జాకీ మాల్టన్ అనే నిజమైన అధికారిణే ఆధారం. హంతకుడి కన్నా ముందు సొంత స్టేషన్‌లోని మగవాళ్లతోనే టెన్నిసన్‌కు పోరు.

తెలుగులో మాత్రం ఆ ఖాకీని సినిమా లాక్కుంది. 1990లో ‘కర్తవ్యం’ వచ్చింది. కిరణ్ బేదీ స్ఫూర్తితో మలిచిన వైజయంతిగా విజయశాంతి లాఠీ పడితే హాళ్లలో ఈలలు. ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. అదే సినిమా తమిళంలో ‘వైజయంతి ఐపీఎస్’ అయింది. దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ దెబ్బతో మహిళా పోలీసంటే ఫైటు అన్న లెక్క స్థిరపడింది. టీవీకొచ్చేసరికి ఆడవాళ్లు వంటింటికీ కోర్టుకూ మధ్య కన్నీళ్లు పెట్టుకుంటూ ఉండిపోయారు. జెమినీలో ‘మొగలిరేకులు’ను అంతమందికి దగ్గర చేసిన పోలీసు ఆర్.కె. నాయుడు, మగవాడు. 2021లో ఆహాలో ‘కుడి ఎడమైతే’ వచ్చాక గానీ అమలాపాల్ రూపంలో సీఐ దుర్గ కనిపించలేదు. అదీ ఒకే రోజు మళ్లీమళ్లీ తిరిగొచ్చే గారడీ కథలో!

కాంచన్ 2019లోనూ, కవిత 2024 ఫిబ్రవరిలోనూ పోయారు. మధ్యలో 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘ఉడాన్’ను మళ్లీ వేసింది. అంతకుముందే చట్టం వాళ్ల నాన్న ఫిర్యాదు దాకా వచ్చింది: 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, కాగ్నిజబుల్ నేరమని తేలే ఫిర్యాదుకు ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసు ఉద్యోగాలూ వచ్చాయి.

ఇక చిత్తూరు యాసను దేశమంతా పలికించిన నేరకథ 2021 నాటి ‘పుష్ప’. అది చెప్పింది శేషాచలం ఎర్రచందనం నరికేవాడి వైపు నుంచి. అదే కేసును ఒక ఎస్సై అమ్మాయి రైటర్ పక్కన కూర్చుని కాగితం మీద పెట్టించే సీరియల్ ఎవరైనా తీస్తే, ఎనిమిది ఎపిసోడ్లూ నేను వదలకుండా చూస్తాను.