మేకపాలలోని సారమును కొలుచు విధము

సంతలో మేకను బేరమాడునపుడు మనము మొదట నడుగునది "పూటకెన్ని పాలిచ్చును?" అని. ఆ పాలలో సారమెంత యని యడుగువా రరుదు. ఆ సారమున ముఖ్యమగు మాంసకృత్తులను ఎట్లు కొలుతురో నేడు విన్నవించెదను.

పాలు విఱిగినపుడు గడ్డకట్టు పదార్థము కేసీను. పాలలోని మాంసకృత్తులలో అధికభాగ మిదియే. లాక్టోమీటరు దీనిని తెలుపజాలదు. వెన్న తీసిన పాలలో ఆ పరికరము మఱింత పైకి తేలును. కొంచెము నీరు పోసినచో మరల దిగి మంచిపాలవలె చూపును. కావున రసాయనపరీక్ష తప్పదు. 1883లో డెన్మార్కు దేశమున, కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో జోహాన్ కెల్డాల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన పద్ధతి నేటికిని ప్రమాణముగా నున్నది. తూచిన పాలను గాఢగంధకామ్లముతో కాచినచో మాంసకృత్తులలోని నత్రజని అమ్మోనియా లవణముగా మారును. పిదప క్షారము చేర్చి మరగింపగా అమ్మోనియా వెలువడును. దానిని ఆమ్లమున పట్టి లెక్కింతురు. తేలిన నత్రజనిని 6.38 చేత గుణించిన మాంసకృత్తుల తూకము వచ్చును.

ఇందొక చిక్కు కలదు. పాలలోని నత్రజని యంతయు మాంసకృత్తులది కాదు. సహజముగనే కొంత యూరియా యుండును. అందుచే మాంసకృత్తులను ఆమ్లముతో విఱిచి, వడకట్టి, తేటలోని నత్రజనిని వేఱుగా కొలిచి తీసివేయవలెను. ఈ శ్రమకు బద్ధకించువాని లెక్కను నేను నమ్మను.

నేనును విద్యార్థిదశలో తప్పు చేసినవాడనే. రెండు జాతుల మేకలను పోల్చితిని. ఒకటి ఈని రెండు నెలలైనది. రెండవది వట్టిపోవుటకు సిద్ధముగా నున్నది. రెండవదాని పాలు చిక్కగా నుండుటచే ఆ జాతియే గొప్పదని వ్రాసితిని. మా గురువుగారు చదివి, "ఇది జాతిగుణమా, వట్టిపోవువేళ గుణమా?" యని యడిగిరి. నాకు నోట మాట రాలేదు. పాలు తగ్గుకొలది మాంసకృత్తుల పాలు హెచ్చును. జున్నుపాల సంగతి చెప్పనే యక్కఱలేదు. ఒకే మేత తినుచు, ఈని ఇంచుమించు అన్నే దినములైన పెక్కు మేకలను తీసికొనిననే పోలిక నిలుచును.

అట్లు కొలిచినను జాతిభేదము నిజమే. స్విట్జర్లాండుకు చెందిన సానెన్ మేక సమృద్ధిగా పాలిచ్చును గాని, అందు మాంసకృత్తులు నూటికి 3 పాళ్ల దరిదాపున నుండును. మన జమునాపారి రక్తము కలిసిన ఆంగ్లో నూబియన్ మేక పాలు తక్కువ. మాంసకృత్తులు మూడున్నర పాళ్లకు మించుట కలదు.

అయినను జాతిపేరు చూచి మురియరాదు. ఒక్క మందలోనే గొప్ప తేడాలుండును. ఫ్రాన్సు దేశమున చీజు చేయువారికి ఇది బ్రతుకుతెరువు గనుక అచటి శాస్త్రజ్ఞులు దీనిని లోతుగా శోధించిరి. ఆల్ఫా ఎస్1 అను కేసీను నిచ్చు జన్యువు మేకకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి సంక్రమించును. బలమైన రకము లీటరు పాలకు సుమారు 3.6 గ్రాముల కేసీను నిచ్చును. ఎఫ్ అను రకము 0.6 గ్రామే; ఓ అను రకము ఏమియు నీయదు. రెండును బలమైనవైన మేక పాలు గట్టిగా తోడుకొని, చీజు నెక్కువగా నిచ్చును.

ఇక ఊరిమందకు పోతును వదలు పెద్దలకు ముఖ్యమగు మాట. పోతు పాలీయదు గాని తన జన్యువులలో సగమును ప్రతి కూతునకు నిచ్చును. మునుపు ఆ కూతుళ్లు ఈనువఱకు వేచి చూడవలసి వచ్చెడిది. ఇప్పుడు పోతు పిల్లగా నున్నపుడే దాని రక్తపుబొట్టును పరీక్షించి, అది యే రకమును మోయుచున్నదో చెప్పవచ్చును.