వానపాములతో ఇంటి వ్యాపారం

వానపాములను పెంచుతున్నామని చెబితే వినేవారు ముందు మొహం చిట్లిస్తారు, తరువాత నవ్వుతారు. చిలుకను పెంచేవారున్నారు, కుక్కను పెంచేవారున్నారు; పేడా, కుళ్లిన ఆకులూ, కూరగాయ తొక్కులూ పోగుచేసి వాటిలో పాములను మేపే సరదా ఏమిటని అడుగుతారు. ఈ సరదా పెద్దవారికీ ఉండినది. డార్విన్ మహాశయుడు ఇంట్లో కుండలలో వానపాములను పెంచి, వాటికి వినికిడి ఉన్నదేమోనని దగ్గరలో పియానో వాయింపించి చూశాడు. అవి లక్ష్యపెట్టలేదు. 1881లో వాటిమీద ఒక గ్రంథమే ప్రకటించాడు. అదే ఆయన కడపటి గ్రంథం.

బెంగళూరులో మా వంటి గుమాస్తా సంసారాలకు మిద్దెమీద నీడగల కొంచెం చోటుంటే ఈ సరదాయే నాలుగు రాళ్లు తెచ్చే పని కాగలదు. ఇక్కడివారు వానపామును ఎరెహుళు అంటారు. అందులో మన ‘ఎర’ వినబడుతూనే ఉన్నది.

పెరడు తవ్వి తీసిన వానపాములు ఇందుకు పనికిరావు. అవి లోతు మట్టిలో బొరియలు చేసుకొనేవి. కుళ్లిన పదార్థంలో పైపైన బ్రతికే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే అనే జాతులు కావాలి. అడుగున చిల్లులున్న తొట్టెలో కొబ్బరిపీచు పరచి, దానిపై సగం మాగిన పేడ వేయాలి. పచ్చి పేడ వేడెక్కి పాములను చంపుతుంది; పది పదిహేను రోజులు చల్లారనివ్వాలి. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేటంత తడి చాలు. వేడి 35 డిగ్రీలు దాటకూడదు. ఊరగాయ, ఉప్పు, నూనె, మాంసం, నిమ్మతొక్కులు వేయరాదు. చీమలు ఎక్కకుండా తొట్టె కాళ్లకింద నీటి పళ్లెములూ, ఎలుకలు దూరకుండా పైన ఇనుపవలా ఉండాలి.

రెండు నెలలలో టీపొడివంటి ఎరువు తయారవుతుంది. నాలుగు రోజులు నీరు ఆపి, వెలుతురులో కుప్పపోస్తే పాములు అడుగుకు దిగిపోతాయి. పైది తీసి జల్లెడ పట్టడమే. దుర్వాసన వస్తే తడి ఎక్కువైనదనీ, గాలి చాలలేదనీ గుర్తు.

కష్టమంతా తొట్టెలో లేదు, ఇంట్లో ఉన్నది. మా అత్తగారు ఆరు నెలలు మిద్దె ఎక్కలేదు. ఇంటివారు ఖాళీ చేయమంటారేమోనని మాకు భయం. మా ఆవిడ వాదించలేదు. ఇంటివారి గులాబీ కుండీలలో రెండు దోసిళ్ల ఎరువు వేసి ఊరుకున్నది. గులాబీలు పూచిన తరువాత మొదటి సంచి కొన్నది ఆ ఇంటావిడే. ఆ డబ్బు మా ఆవిడ ముడివిప్పకుండా పోపులపెట్టెలో దాచుకొన్నది. ఇరవై ఏళ్ల సంసారంలో అది ఆమె సంపాదించుకొన్న మొదటి డబ్బు. ఇప్పుడు నెలాఖరున మేము చేబదులుకు ఎవరి గడపా ఎక్కడం లేదు.

వ్యాపారం అన్న తరువాత లెక్క ఉండాలి. పేడ వెల, సంచులు, బండికూలి మాత్రమే కాదు, జల్లెడ పట్టిన గంటలకు కూడా కూలి కట్టి పద్దు రాయాలి. అప్పుడే లాభమో, ఉత్త శ్రమో తెలుస్తుంది. మిద్దెతోటల వారికి చిన్న సంచులు, నర్సరీల వారికి పెద్ద సంచులు నప్పుతాయి. పాములు పిల్లలు పెడతాయి గనుక వాటినీ అమ్మవచ్చును. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఈ ఎరువుకు కూడా ప్రమాణాలు నిర్ణయించబడి ఉన్నాయి. కనుక ఎరువుగా అమ్మబోయే ముందు వ్యవసాయశాఖ వారిని అడిగి అనుమతి సంగతి తెలుసుకోవడం మంచిది.

మన సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఒక్క తొట్టెతో మొదలుపెట్టి ఎండాకాలమూ వానాకాలమూ గడిపి చూడండి. పాములు నిలిచి, పద్దులో మిగులు కనబడితే రెండవ తొట్టె పెట్టండి. అప్పు చేసి మాత్రం పెట్టవద్దు. వానపాములు తొందరపడవు, వాటితో వ్యాపారం చేసేవారూ తొందరపడకూడదు.